బేతాళునకు మన యింట చోటు లేదా?

తెలుగుదేశమునకు వెలుపల తరతరములుగా స్థిరపడిన మన కుటుంబములలో ఒక వింత శుచిత్వము పెరుగుచున్నది. సంఘ గ్రంథాలయమునకు పుస్తకములు కొనవలసి వచ్చినపుడు శతకములు కొందురు, నీతికథలు కొందురు, మహాపురుషుల చరిత్రలు కొందురు. అట్టమీద శవమో శ్మశానమో కనబడినచో ఆ పుస్తకమును ప్రక్కకు నెట్టుదురు. మా సంఘమునందును ఇట్లే జరిగినది. ఒక దాత యిచ్చిన పుస్తకముల కట్టలో పలువురు వ్రాసిన భయానక కథల సంపుటి యొకటి వచ్చినది. కార్యవర్గములోని పెద్దలొకరు దానిని తిరుగవేసి, "పిల్లలు ముట్టుకొనే బీరువాలో ఈ అశుభం ఎందుకండీ?" అని తాళము గల అరలో పెట్టించిరి. మేము ఆనాడు ఊరకుంటిమి. అట్లు ఊరకుండుట తప్పని తోచి నేడు ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

మా వాదము సూటిగా చెప్పెదము. ఏ భాషలో పిల్లవాడు కథ విని భయపడి, తల్లి దగ్గరకు జరిగి, "తరువాత ఏమైంది?" అని యడుగడో ఆ భాష వానికి మాతృభాషగా నిలువదు. అది పండుగనాడు కట్టి మరల మడిచిపెట్టు పట్టుబట్ట యగును.

మన పిల్లలకు తెలుగు నేడు ఏ పనులకు మిగిలినదో లెక్క చూచుకొందము. బళ్లారిలో బడిమాట కన్నడము, హోసూరులో తమిళము, బరంపురములో ఒడియా, షోలాపురములో మరాఠీ. వీని కన్నింటికి మీద ఇంగ్లీషు. ఆ భాషలు మనకు అన్నము పెట్టినవి. వానిపై మాకు అసూయ లేదు. కాని ఇంటిలో తెలుగునకు మిగిలిన దేమి? "చేయి కడుగుకో, పెద్దవారికి నమస్కారం పెట్టు, అల్లరి చేయకు" అను ఆజ్ఞలు. ఉగాది సభలో అప్పగించు ఒక పద్యము. ఆజ్ఞలలోను అప్పగింతలలోను మాత్రమే వినబడు భాషను ఏ బిడ్డ ప్రేమించును? నవ్వు, రహస్యము, భయము అను మూడింటిని పిల్లవాడు ఏ భాషలో పొందునో ఆ భాషయే వానిది. ఆ మూడింటిని మనమే పరభాషల కొప్పగించి, పిల్లలకు తెలుగు రాదని సభలలో కన్నీరు కార్చుచున్నాము.

ఇందులోని విపరీతము గమనింపుడు. మా సంపుటికి తాళము వేయించిన పెద్దల యింటనే మనుమడు ఎడ్గార్ ఆలన్ పో కథలను ఇంగ్లీషులో చదువుచున్నాడు. పో మహాశయుడు 1840లో 25 కథలను రెండు సంపుటములుగా ప్రకటించెను. అవి జర్మనీ దేశపు భూతకథల ధోరణిలో నున్నవని ఆక్షేపించినవారికి, తాను వ్రాసిన భయము ఒక దేశమునకు చెందినది కాదని, మానవాత్మకు చెందినదని ఆయన పీఠికయందు బదులు చెప్పెను. మనుమడు ఆ కథలు చదువుట చూచి తాతగారు మురియుచున్నారు. ఇంగ్లీషున భయపడినచో సాహిత్యాభిరుచి. తెలుగున భయపడినచో అశుభము! ఇది శుచిత్వము కాదు, మన భాషను మనమే తక్కువచేసి చూచుట.

"ఇట్టివి మన సంప్రదాయమునకు విరుద్ధములు" అను మాట వినబడుచుండును. ఏ సంప్రదాయమునకు? భరతముని నాట్యశాస్త్రమున చెప్పిన రసములు ఎనిమిది. అందు భయానకము ఒకటి, బీభత్సము మరియొకటి. తరువాతివారు శాంతమును చేర్చి తొమ్మిది చేసిరే గాని ఆ రెండింటిని తీసివేయలేదు. మన యిండ్లలో పసుపు కుంకుమలతో పూజించుకొను మహాభారతమున తిక్కన సోమయాజి తెనిగించిన పర్వములలో సౌప్తికపర్వము ఉన్నది. అర్ధరాత్రమున నిద్రించుచున్నవారిని అశ్వత్థామ వధించిన ఆ ఘట్టముకంటె ఘోరమైన కథ ఏ సంపుటిలో నున్నది? తాళము వేయదలచినవారు ముందు తిక్కనకు వేయవలెను.

తమిళనాటనున్న మన సోదరులకు మరియొక మాట. నన్నయ నాదరించిన రాజరాజనరేంద్రుని కుమారుడే చోళ సింహాసన మెక్కి మొదటి కులోత్తుంగుడైనాడు. ఆయన సేనల కళింగ విజయమును పాడిన జయంకొండార్ కవి తన కలింగత్తుప్పరణిలో యుద్ధభూమియందు పిశాచములు గంజి కాచుకొని త్రాగుటను విస్తరించి వర్ణించెను. తమిళులు ఆ కావ్యమును దాచివేయలేదు, తలకెత్తుకొనిరి. వేంగినుండి వచ్చిన రాజుపై వెలసిన పిశాచ వర్ణనము తమిళమున మహాకావ్యము కాగా, తెలుగు పిల్లవానికి దయ్యపు కథ దోషమెట్లగును?

ఇక కథల విషయమునకే వచ్చెదము. మా సంపుటిలో మొదట నున్నవి బేతాళ కథలు. 11వ శతాబ్దమున కాశ్మీరమందు సోమదేవుడు రచించిన కథాసరిత్సాగరములో ఇవి ఉన్నవి. ఆ కథలందలి రాజు త్రివిక్రమసేనుడు; వాని పురము గోదావరీ తీరమందలి ప్రతిష్ఠానము. అదే నేటి మహారాష్ట్రలోని పైఠణము. అక్కడ పారిన గోదావరియే గౌతమియై యానాము ప్రక్కగా సముద్రమునకు సాగుచున్నది. కనుక బేతాళుడు మనకు పరాయివాడు కాడు. మన యేటి యొడ్డువాడే.

కథ అందరెరిగినదే యైనను దానిలోని కీలకమును మనము మరచితిమి. క్షాంతిశీలుడను భిక్షువు పది సంవత్సరములు ప్రతిదినము రాజునకు ఒక పండు కానుక ఇచ్చుచుండెను. ఒకనాడు కోతి కొరికిన పండులోనుండి రత్నము బయటపడెను. ఆ కానుకలకు ప్రతిఫలముగా భిక్షువు కోరినది ఒక సాయము: కృష్ణ చతుర్దశి రాత్రి శ్మశానమునకు వచ్చి, చెట్టునకు వ్రేలాడు శవమును మోసికొని రావలెను. శవమునందున్న బేతాళుడు దారిపొడవున కథలు చెప్పి, కథకొక చిక్కుప్రశ్న వేయును. తెలిసి చెప్పకున్న రాజు తల పగులును; చెప్పినచో శవము మరల చెట్టెక్కును.

ఆ కథలలో వైవిధ్యమెంత! మందారవతి యను కన్య మరణింపగా ఆమెను కోరిన మువ్వురిలో ఒకడు చితాభస్మముపై పండెను, ఒకడు అస్థికలను గంగకు గొనిపోయెను, ఒకడు దేశములు తిరిగి మృతసంజీవన మంత్రము తెచ్చెను. బ్రదికిన కన్య ఎవనికి భార్య? ప్రాణమిచ్చినవాడు తండ్రి వంటివాడు, అస్థికలు మోసినవాడు కొడుకు వంటివాడు, భస్మమును విడువనివాడే భర్త యని రాజు తీర్పు. చితిమంటల యెదుట జరుగు ఈ విచారణలో ఎంత ధర్మసూక్ష్మ మున్నదో చూడుడు. నీతికథ జవాబును ముందే చెప్పి పిల్లవాని నోరు మూయించును. బేతాళ కథ ప్రశ్న వేసి నోరు తెరిపించును.

ఇది మేము కంటితో చూచిన విషయము. గడచిన సంవత్సరము మేము కొందరము ఆ అర తాళము తీయించి, శనివారపు రాత్రులందు పిల్లలను చుట్టును కూర్చుండబెట్టి ఆ కథలు బిగ్గరగా చదివితిమి. ఇంటిలో తెలుగున పిలిచినను పరభాషలో బదులిచ్చు పిల్లలే వారందరును. మూడవ వారమున పదేండ్ల బాలిక యొకతె చదువుచున్న పెద్దాయన నడ్డగించి, "అన్నిసార్లు శవం పారిపోతోంది కదా తాతా, రాజు నోరు మూసుకోవచ్చుగా?" అని అచ్చ తెలుగున నిలదీసినది. "తెలిసి చెప్పకపోతే తల పగులుతుంది కదమ్మా" అని ఆయన అనగా, "తెలియదని అబద్ధం చెప్తే?" అని మరియొక బాలుడు. గడియసేపు వాదన జరిగినది. అంతయు తెలుగుననే. బహుమతు లిచ్చి పద్యములు అప్పగింపించిన సంవత్సరములలో ఇట్టి దొక్కనాడును జరుగలేదు.

కాని మన పెద్దలలో కొందరు వేయు గట్టి ప్రశ్న యొకటి కలదు. దానిని తప్పించుకొనిపోము. "ఈ కథలు మూఢనమ్మకములను పెంచవా? చేతబడి పేరిట మనుష్యులను చంపు దేశములో దయ్యములను గూర్చి చదివించుట మేలా?" అందురు. ఆ భయము నిజమైనది. మంత్రగత్తెలని నిందవేసి స్త్రీలను హింసించుటను అరికట్టుటకు ఒడిశా 2013లో ప్రత్యేక చట్టము చేయవలసి వచ్చినది. మహారాష్ట్రలో మూఢాచారముల నెదిరించిన డాక్టరు నరేంద్ర దాభోల్కర్ 2013 ఆగస్టు 20న పూనాలో హత్యకు గురియైన పిమ్మట ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చినది. ఆ సంవత్సరముననే అది చట్టమైనది. కర్ణాటకము 2017లో ఇట్టి చట్టమునే చేసినది. ఇవి మనము నివసించు రాష్ట్రములే. ఆ చట్టములకు మేము పూర్తిగా అనుకూలురము.

అయితే బేతాళ కథ ముగింపు చూడుడు. చివరి ప్రశ్నకు బదులు తెలియక రాజు మౌనము వహించెను. బేతాళుడు సంతసించి నిజము చెప్పెను: పండ్లు తెచ్చిన భిక్షువు రాజునే బలియిచ్చి విద్యాధరాధిపత్యము పొందదలచినాడు. సాష్టాంగ నమస్కారము చేయుమని భిక్షువు కోరగా, ఎట్లు చేయవలెనో నీవే చేసి చూపుమని రాజు అడిగి, వంగిన వాని తల తెగవేసెను. ఇందులో శవము న్యాయము మాటాడినది. సాధువేషము హత్య తలపెట్టినది. క్షాంతిశీలు డనగా ఓర్పే స్వభావముగా గలవాడు! భయపెట్టునది భయంకరము కాకపోవచ్చునని, పండు చేతబట్టుకొని వచ్చువానిని పరీక్షింపవలెనని ఇంతకంటె చక్కగా పిల్లలకు నేర్పు పాఠ్యగ్రంథము ఏది? మంత్రగాని ఉచ్చులో పడువాడు దయ్యపు కథలు చదివినవాడు కాడు. కథను కథగా, కపటమును కపటముగా పోల్చుకొన నేర్వనివాడు. ఆ పోలిక నేర్పునవి కథలే.

మే మన్ని కథలను వెనుకవేసికొని రాలేదు. ఆ సంపుటిలోనే నాసిరకపు కథలు కొన్ని ఉన్నవి. రక్తము చల్లుట తప్ప వానికి వేరు పని లేదు. దిక్కులేని ముసలమ్మను మంత్రగత్తెగా చూపి, ఊరు ఆమెను కొట్టుటయే న్యాయమన్నట్లు ముగించిన కథ యొకటి ఉన్నది. దానిని మేము పిల్లలకు చదువలేదు, చదువరాదు. ఐదేండ్ల బిడ్డను నిద్రలేకుండ చేయుటయు మా ఉద్దేశము కాదు. ఏ కథ ఏ వయసునకు తగునో పెద్దలు ముందు చదివి నిర్ణయింపవలెను. ఏరుట పెద్దల ధర్మము. చదువకయే తాళము వేయుట మాత్రము ఏరుట కాదు.

చివరగా ఒక పాత కథను గుర్తుచేసెదము. తన గ్రంథము బృహత్కథకు సంగ్రహమని సోమదేవుడే చెప్పుకొనెను. ఆ బృహత్కథను రచించిన గుణాఢ్యుడు, పురాణములు ఆంధ్రులని పిలిచిన శాతవాహనుల ఆస్థానములోనివాడని ప్రసిద్ధి. పందెమున ఓడి సంస్కృతమును, ప్రాకృతమును, దేశభాషను విడిచిన గుణాఢ్యుడు పైశాచీ భాషలో, సిరా లేని అడవిలో తన రక్తముతో, 7 లక్షల శ్లోకముల కథ వ్రాసెనట. భాష పైశాచి, అక్షరములు రక్తము అని రాజు దానిని త్రోసిపుచ్చెను. గుణాఢ్యుడు కొండపై కూర్చుండి ఒక్కొక్క ఆకు చదివి అగ్నిలో వేయుచుండగా అడవి మృగములు మేత మాని కన్నీటితో వినినవి. రాజు మేల్కొని పరుగెత్తి వచ్చుసరికి 6 లక్షలు బూడిదయైనవి, దక్కినది లక్ష. ఆ లక్షయు నేడు మూలరూపమున లేదు. పరభాషలలోని సంగ్రహములే మిగిలినవి.

మన కథలకును ఆ గతియే పట్టుచున్నది. బేతాళుడు చెప్పిన తలలు మారిన కథను జర్మను రచయిత టామస్ మన్ 1940లో నవలికగా వ్రాసెను. దాని నాధారము చేసికొని గిరీశ్ కర్నాడ్ కన్నడమున హయవదన నాటకము రచించెను. 1971లో అది వెలువడినది. బెంగుళూరులోని మన పిల్లలు ఆ నాటకము చూచి మెచ్చుకొందురు, మెచ్చుకొనవలసినదే. కాని ఆ కథ తమ తాతమ్మలు తెలుగున చెప్పుకొన్నదేయని వారికి చెప్పు గొంతు ఇంటిలో లేదు. 1947 జూలైలో మద్రాసున తెలుగున, తమిళమున పుట్టిన చందమామ తరువాత కన్నడ, మరాఠీ, ఒడియా భాషలలోను వెలువడి, బేతాళుని ఏ ఊరి పిల్లవానికైనను అందించినది. ఆ పత్రిక నేడు లేదు. అది చేసిన పని ఇక మనదే.

కనుక మా విన్నపము. ప్రతి సంఘ గ్రంథాలయమునందు భయానక కథలకు ఒక తెరచిన అర యుండవలెను. నెలకొక రాత్రి యైనను పెద్దలు కూర్చుండి పిల్లలకు బిగ్గరగా చదువవలెను. చదువుట రానివారు తమ నాయనమ్మ చెప్పిన చింతచెట్టు దయ్యము కథనైనను చెప్పవలెను. ఆ కథ ఏ పుస్తకమునను లేదు, మనతో పోయినచో పోయినదే. భయపడిన పిల్లవాడు తెలుగున అమ్మను పిలుచును. ఆ పిలుపునకై ఒక తాళము తీయలేమా?