గుర్రానికీ ఒళ్లు నొప్పులుంటాయి!

పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే వీర్నపల్లి అయినా, సిరిసిల్ల అయినా బరాత్ లేనిదే పెళ్లికి కళ రాదు. కొందరు కారును పూలతో ముస్తాబు చేస్తారు. కొందరికి మాత్రం గుర్రమే కావాలి. దాని మీద తలపాగా చుట్టుకున్న పెళ్లికొడుకు, అతని ముందు ఓ చిన్న పిల్లాడు, ఎదురుగా బ్యాండు మేళం, వెనక డీజే మోత... అందరి చూపూ పెళ్లికొడుకు మీదే. కింద గంటల తరబడి నాలుగు కాళ్ల మీద నిలబడ్డ ఆ మూగజీవి నడుము సంగతి ఎవరికి పడుతుంది?

మనది ఎడ్లను ఎరిగిన నేల. వేములవాడ రాజన్నకు కోడెను కట్టి మొక్కు తీర్చుకునే ప్రాంతం. ఇక్కడి తండాల్లోని లంబాడీల పూర్వీకులు ఎడ్ల మందల మీద ధాన్యం, ఉప్పు వేసుకుని దక్కన్ అంతా తిరిగినవారు. కాడి రాసుకుని ఎద్దు మెడ వాస్తే ఏం చేయాలో మన పెద్దలకు ఒకరు చెప్పనక్కర్లేదు. గుర్రం సంగతి అలా కాదు. కిరాయికి వస్తుంది, పోతుంది. దాన్ని తోలుకొచ్చిన మనిషికి మాత్రం అదే బువ్వ. అది కుంటుబడితే ఆ సీజన్ మొత్తం పోయినట్టే. అందుకే ఈ వారం గుర్రం ఒళ్లు నొప్పుల గురించి, వాటిని చేతులతోనే ఎలా కనిపెట్టవచ్చో, ఎలా తగ్గించవచ్చో చెప్పుకుందాం.

నొప్పి దాచుకునే జీవి

గుర్రం వేటాడే జంతువు కాదు, వేటకు దొరికే జంతువు. మందలో కుంటుతూ కనిపించినదాన్నే పులి ముందు పడుతుంది. అందుకే నొప్పిని పైకి కనిపించనీయకపోవడం దాని పుట్టుకలోనే ఉంది. మనకు కుంటు కనిపించే సరికి అది చాలా రోజుల నుంచి బాధపడుతూ ఉండవచ్చు. అయితే ముఖం చూసి కొంత పసిగట్టవచ్చు. యూరప్ పరిశోధకులు 2014లో ఇలాంటి గుర్తులు ఆరింటిని వివరించారు. చెవులు బిర్రుగా వెనక్కి పోవడం, కళ్లు సగం మూతపడటం, కంటి పైభాగం బిగుసుకోవడం, దవడ కండరాలు ఉబ్బి కనబడటం, మూతి బిగించి గడ్డం ముందుకు పొడుచుకు రావడం, ముక్కుపుటాలు బిగుసుకోవడం. ఇవి కనబడితే గుర్రం మొండికేసిందని అనుకోకండి. ఎక్కడో నొప్పి ఉందేమో చూడండి.

గుర్రం ఒంటి కట్టడి కూడా చిత్రమైనదే. మనకున్నట్టు దానికి మెడ ఎముక, అంటే భుజాన్ని రొమ్ముతో కలిపే ఎముక లేదు. ముందుకాళ్లు రెండూ కండరాల ఊయలలోనే ఒంటికి వేలాడుతుంటాయి. ఒంటి బరువులో దాదాపు 60 శాతం పడేది ఆ కాళ్ల మీదే. కాబట్టి భుజాలు, మూపు దగ్గర కండరం బిగిసిందంటే నడకంతా మారిపోతుంది. సిరిసిల్లలో సాంచాల ముందు పన్నెండు గంటలు నిలబడే కార్మికుడిని అడగండి... ఒకే తీరున నిలబడితే నడుము ఎలా కట్టేసినట్టవుతుందో చెబుతాడు. గుర్రానిదీ అదే బాధ. పైగా డప్పుల మోతకు, టపాకాయలకు బెదిరి ఒళ్లంతా బిగబట్టి నిలబడుతుంది.

మోయగలిగేది ఎంత?

2008లో అమెరికాలోని ఒహాయోలో ఎనిమిది గుర్రాల మీద ఒక పరీక్ష చేశారు. వాటి ఒంటి బరువులో 15, 20, 25, 30 శాతం చొప్పున బరువులు మోయించారు. బరువు 25 శాతానికి చేరాక, ఆపైన కండరాల నొప్పి, బిగుతు పెరిగాయి. 20 శాతం దాటకపోతే మంచిదని తేలింది.

ఈ లెక్కన 300 కిలోల గుర్రం మోయదగ్గది జీనుతో కలిపి 60 కిలోలు. మరి మన బరాత్‌లో? పెళ్లికొడుకు 70 కిలోలు, జీనూ అలంకారాలూ 10, ముందు కూర్చున్న పిల్లాడు 15 అనుకుందాం. మొత్తం 95 కిలోలు. గుర్రం బరువులో మూడో వంతుకు దగ్గర! మన దేశంలో 1965 నాటి నిబంధనల ప్రకారం పొట్టి గుర్రం మీద 70 కిలోలకు మించి సరుకు వేయకూడదు. రోజుకు తొమ్మిది గంటలకు మించి పని చేయించకూడదు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు అసలు పనే చెప్పకూడదు.

చేతిలోనే మందు

గుర్రపు వైద్యానికి మన దేశంలో శాలిహోత్రుడిని మూలపురుషుడిగా చెబుతారు. తెలుగులో మనుమంచి భట్టు గుర్రాల మీద ‘హయలక్షణ విలాసము’ అనే కావ్యమే రాశాడు. ఇక మాలీసు అన్నది మన గుర్రపుశాలల్లో పాత అలవాటే. ఖరారాతో దుమ్ము దులిపి, అరచేతులతో ఒళ్లంతా రుద్దేవారు. ఇప్పుడు శాస్త్రం కూడా అటే మొగ్గింది. అమెరికాలోని మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు ఎనిమిది గుర్రాలతో వారానికి అయిదు రోజుల చొప్పున మూడు నెలలు మెడ వంచే కసరత్తులు చేయించారు. వెన్నెముకను పట్టి ఉంచే లోపలి కండరాలు లావెక్కాయని 2011లో ప్రకటించారు. దీనికి యంత్రాలు అక్కర్లేదు. కావలసిందల్లా క్యారెట్ ముక్క, కాస్త ఓపిక!

ఎలా చేయాలంటారా? ముందుగా పది నిమిషాలు మెల్లగా నడిపించండి. ఒళ్లు వేడెక్కకుండా కండరాన్ని సాగదీయకూడదు. తర్వాత అరచేతిని ఆనించి మెడ నుంచి భుజం, వీపు, తొడ వరకు వెంట్రుకలు వాలిన దిక్కుగా నిదానంగా రుద్దండి. ఎముక మీద నొక్కవద్దు. చెయ్యి ఎక్కడ పడితే చర్మం అదురుతోందో, చెవి వెనక్కి పోతోందో గుర్తు పెట్టుకోండి. నొప్పి ఉన్నది అక్కడే.

ఇక మెడ కసరత్తు. గుర్రాన్ని గోడ పక్కన నిలబెట్టి, క్యారెట్ చూపిస్తూ మూతిని రొమ్ము దగ్గరకు, ఆ తర్వాత ముందు మోకాళ్ల మధ్యకు, ఆపైన ఒక్కో పక్కన డొక్క వరకు రప్పించండి. అయిదు సెకన్లు ఆగి, అరచేతిలో పెట్టి తినిపించండి. ఒక్కోటి అయిదుసార్లు చాలు. అది కాళ్లు కదిపి తిరిగితే మీరు ఎక్కువ దూరం లాగుతున్నారని అర్థం.

ముందుకాలికి ఒక చేయి మోకాలి వెనక, రెండోది గిట్ట పైన ఉంచి, కిందికే ఉంచి నెమ్మదిగా ముందుకు చాపండి. పది సెకన్లు పట్టుకుని, నేల మీద పెట్టండి, వదిలేయకండి. జీను బిగించాక ఇలా చేస్తే పట్టీ కింద మడతపడ్డ చర్మం కూడా సర్దుకుంటుంది. ఎప్పుడూ గుంజవద్దు. గుర్రం ఇచ్చినంతే తీసుకోవాలి. వెనకకాళ్ల జోలికి మాత్రం అనుభవం లేనివారు వెళ్లవద్దు.

ఇప్పుడు వద్దు!

వాపు, వేడి, గాయం, జ్వరం, కుంటు ఉంటే మాలీసు మానేసి పశువైద్యుడిని పిలవండి. పని అయ్యాక కండరాలు చెక్కలా బిగిసి, చెమటలు కారుతూ, మూత్రం కాఫీ రంగులో వస్తే అది ప్రమాదం. రుద్దవద్దు, నడిపించవద్దు. నిలబడ్డ చోటే ఉంచి డాక్టరుకు కబురు పెట్టండి. కసరత్తు వైద్యానికి బదులు కాదు. అది జబ్బును ముందుగా పట్టించే కాపలా. రోజూ చెయ్యి వేసే మనిషికి నిన్న లేని బిగుతు ఇవాళ తెలిసిపోతుంది.

గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదంటారు. దాణా సరే, నడుముకూ లెక్క ఉందని గుర్తుంచుకోవాలి. గుర్రం ఉన్నవాళ్లు రోజుకు పావుగంట దాని ఒంటికి కేటాయించండి. పెళ్లి ఇంటివాళ్లు కిరాయి బేరం చేసేటప్పుడు మరో మూడు మాటలు కూడా మాట్లాడుకోండి. పిల్లాడిని ఎక్కించం, మధ్యమధ్య పెళ్లికొడుకును దింపి నీళ్లు పెడతాం, డీజే పెట్టెలను దూరంగా ఉంచుతాం అని. దీనికి పైసా ఖర్చు లేదు. మీ బరాత్‌కూ ఏ లోటూ రాదు.