కాన్వెంటు ప్రార్థన, మన సంతకం

మా ఊళ్ళో హేతువాద మిత్రులం నెలకోసారి కలుస్తాం. మొన్నటి సమావేశంలో దేవుడి దగ్గర మొదలైన చర్చ పిల్లల బడి దగ్గరికొచ్చి ఆగిపోయింది. లెక్క చూసుకుంటే, వచ్చినవాళ్ళలో సగానికి పైగా తమ పిల్లల్నో మనవల్నో కాథలిక్ సిస్టర్లు నడిపే ప్రాథమిక పాఠశాలలో చదివించినవాళ్ళే. జ్యోతిష్యాన్ని ఉతికి ఆరేస్తాం, బాబాల గుట్టు విప్పుతాం. పిల్లవాడి సీటు మాట వచ్చేసరికి మాత్రం హెడ్‌మిస్ట్రెస్ గది ముందు చేతులు కట్టుకుని నిలబడతాం. నేనూ నిలబడ్డాను. మా అమ్మాయి ఐదో తరగతి దాకా అక్కడే చదివింది.

ముందు మంచి చెప్పాలి, లేకపోతే అన్యాయం. ఫీజు కార్పొరేట్ బడి కంటే బాగా తక్కువ. మూడో తరగతి పిల్లాడికి ఐఐటీ ఫౌండేషన్ అనే పిచ్చి లేదు. ఆటస్థలం ఉంది. దళితవాడ పిల్లలూ షావుకారు పిల్లలూ ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్ళు. మా అమ్మాయి చేతిరాత చూసి ఈనాటికీ నలుగురూ మెచ్చుకుంటారు, ఆ పుణ్యం (మాట అలవాటుగా వచ్చింది, మన్నించండి) ఒక ముసలి సిస్టర్‌ది.

ఇక రెండో వైపు. పొద్దున్నే అసెంబ్లీలో ప్రార్థన, మధ్యాహ్నం అన్నం తినే ముందు ప్రార్థన, సాయంత్రం గంట కొట్టే ముందు ఇంకోటి. వారంలో కొన్ని పీరియడ్లు కాథలిక్ పిల్లలు సత్యోపదేశం క్లాసుకు వెళతారు, తక్కినవాళ్ళకు మోరల్ సైన్స్. ఈ ఏర్పాటు చూసి, మా పిల్లకు మతం అంటదులే అనుకున్నాను. రెండో తరగతిలో ఉండగా ఒక రాత్రి నిద్రపోనని ఏడుపు. పక్కపిల్ల రబ్బరు తీసిందట. దేవుడు పైనుంచి చూసి పుస్తకంలో రాసుకుంటాడని మోరల్ సైన్స్‌లో చెప్పారట. దొంగతనం ఎందుకు తప్పో ఏడేళ్ళ పిల్లకు దేవుడు లేకుండా చెప్పలేమా? రబ్బరు పోయిన పిల్ల ఏడుస్తుంది. అంతకంటే కారణం ఏం కావాలి?

మర్నాడు వెళ్ళి అడిగాను. హెడ్‌మిస్ట్రెస్ చాలా మర్యాదగా, "దేవుడి భయం లేకపోతే పిల్లలు మాట వింటారా అండీ?" అన్నారు. భయంతో వినేది బుద్ధిగా వినడం కాదు సిస్టర్ అనే జవాబు నాకు ఇంటికొచ్చాక తోచింది. అక్కడ మాత్రం తల ఊపి వచ్చేశాను.

మాలో ఒక బ్యాంకు ఉద్యోగి నాలా తల ఊపలేదు. రాజ్యాంగం 28వ అధికరణం మూడో క్లాజును ఉదహరిస్తూ ఉత్తరం రాశాడు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న, లేదా ప్రభుత్వ సాయం పొందే ఏ విద్యాసంస్థలోనైనా సరే, విద్యార్థి మైనరైతే సంరక్షకుల సమ్మతి లేకుండా మతబోధకు గానీ అక్కడ జరిగే ఆరాధనకు గానీ హాజరు కావాలనకూడదని ఆ క్లాజు చెబుతుంది. మైనారిటీలకు 30వ అధికరణం ఇచ్చిన హక్కు బడి పెట్టుకుని నడుపుకునే హక్కు. 28(3) దాని పక్కనే ఉంటుంది, దాని కింద కాదు. విద్యాహక్కు చట్టం మైనారిటీ విద్యాసంస్థలకు వర్తించదని 2014లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది (ఆ తీర్పును విస్తృత ధర్మాసనం తిరిగి చూడాలని 2025 సెప్టెంబరులో ఇద్దరు న్యాయమూర్తులు కోరారు). అది వేరే సంగతి. 28(3) ఆ చట్టంలోది కాదు, రాజ్యాంగంలోది.

బడివాళ్ళు వాదించలేదు, ఒప్పుకున్నారు. ప్రార్థన జరిగే పది నిమిషాలు పిల్లవాడిని వరండాలో నిలబెట్టారు. ఆ బడిలో వరండా అంటే హోంవర్కు చేయనివాళ్ళు నిలబడే చోటు. మూడో రోజుకల్లా పిల్లలు "నువ్వేం తప్పు చేశావురా?" అని అడగడం మొదలెట్టారు. వారం తిరక్కుండానే వాడు, "నాన్నా, నేను కూడా చేతులు జోడిస్తాను, లోపలికి పంపించు" అని బతిమాలాడు. మా మిత్రుడు ఉత్తరం వెనక్కి తీసుకున్నాడు.

అతను రాజీ పడ్డాడని సమావేశంలో ఇద్దరు గట్టిగానే అన్నారు. నేను ఒప్పుకోను. మన సిద్ధాంతానికి ఎనిమిదేళ్ళవాణ్ణి కాపలా పెట్టలేం. హక్కు కాగితం మీద ఉంది, ఆ హక్కు వాడుకున్న పిల్లవాడు ఎక్కడ నిలబడాలో ఎవరూ ఆలోచించలేదు, అతనూ ఆలోచించలేదు. ఆ పది నిమిషాలు లైబ్రరీలో కూర్చోబెట్టమని అడగాల్సింది. అన్నిటికంటే ముఖ్యంగా, ఒక్కడే అడగకుండా ఉండాల్సింది. ఒక్క పిల్లవాడు విడిగా ఉంటే శిక్ష, పదిమంది ఉంటే అదొక క్లాసు.

ఇందులో మన తప్పు ఇంకొకటుంది. మా అమ్మాయి అప్లికేషను నకలు పాత ఫైల్లో దొరికితే చూశాను. చివరి పేజీలో, పాఠశాల నియమాలన్నిటికీ, ప్రార్థనలతో సహా, సమ్మతిస్తున్నానని ఉంది. కింద నా సంతకం. సీటు దొరికిన సంతోషంలో చదవలేదు. రాజ్యాంగం అడిగిన సమ్మతిని నేనే ఇచ్చేసి, తర్వాత మతం రుద్దుతున్నారని వాపోయాను.

ఇదంతా చదివి కాషాయం కట్టుకున్నవాళ్ళు సంతోషపడనక్కర్లేదు. మాలో ఒకావిడ విసుగెత్తి పిల్లను కార్పొరేట్ బడికి మార్చారు. అక్కడ వసంత పంచమికి సరస్వతీ పూజ, పరీక్షల ముందు హాల్‌టికెట్లకు పూజ. ఎవరి సమ్మతీ అడగలేదు. ఆవిడ అడిగితే, "ఇది మతం కాదండీ, మన సంస్కృతి" అన్నారట. 28(3) ఆ బడికీ వర్తిస్తుంది. పూర్తిగా ప్రభుత్వ ధనంతో నడిచే బడిలోనైతే మతబోధే ఉండకూడదని 28(1) అంటుంది. మన సర్కారు బడుల్లో గోడల మీద ఏ పటాలు వేలాడుతున్నాయో మీకు తెలుసు.

2024 ఏప్రిల్‌లో మంచిర్యాల జిల్లా లక్సెట్టిపేట దగ్గర ఒక కాథలిక్ బడి మీద గుంపు దాడి చేసి సామాను పగలగొట్టింది. హనుమాన్ దీక్ష దుస్తుల్లో వచ్చిన పిల్లలను ప్రశ్నించారన్నది కారణం. యూనిఫారం అడగడం మత వివక్ష అవుతుందా అనేది చర్చించాల్సిన విషయం. ఫాదర్‌ని కొట్టడం చర్చ కాదు. బడిలో ప్రార్థన వద్దంటున్న మనం అలాంటప్పుడు ఆ ఫాదర్ పక్షాన నిలబడాలి. నిలబడ్డామా? మా సంఘం ఒక ప్రకటన అయినా ఇవ్వలేదు.

చిత్రమేమిటంటే, అదే నెలలో భారత కాథలిక్ బిషప్పుల సమాఖ్య తన విద్యాసంస్థలకు మార్గదర్శకాలు విడుదల చేసింది. ఇతర మతాల పిల్లల మీద క్రైస్తవ సంప్రదాయాలను రుద్దవద్దని, రోజూ అసెంబ్లీలో రాజ్యాంగ పీఠిక చదివించాలని అందులో ఉంది. దేశంలోని వాతావరణానికి భయపడి రాశారని కొందరంటారు. కావచ్చు. మనకు కావాల్సింది మాత్రం ఆ కాగితంలో ఉంది. 28(3) పేరెత్తితే ముఖం చిట్లించే హెడ్‌మిస్ట్రెస్ ముందు బిషప్పుల కాగితమే పెట్టొచ్చు.

అందుకే ఈసారి ఉమ్మడి ఉత్తరం రాశాం. ప్రార్థన వేళ లైబ్రరీ, అసెంబ్లీలో రాజ్యాంగ పీఠిక, మోరల్ సైన్స్ పుస్తకం తల్లిదండ్రులకు ముందుగా చూపించడం, అంతే అడిగాం. దీని మీద ఇద్దరు ముస్లిం తండ్రులు, ఒక పెంతెకొస్తు తల్లి కూడా సంతకం పెట్టారు. మరియమ్మ ముందు తన కొడుకు మోకరిల్లడం ఆవిడకూ ఇష్టం లేదు. మా మనవణ్ణి జూన్‌లో అదే బడిలో ఎల్‌కేజీలో వేస్తున్నాం. సంతకం పెట్టమని ఉత్తరం మా అమ్మాయికి ఇచ్చాను. చదివి, పెట్టి, "నా అప్పుడెందుకు రాయలేదు నాన్నా?" అంది.