నోటిమాట అద్దె

హరూరులో కాగితం లేకుండా అద్దెకున్న మనవారికి ఒక మాట. "ఒప్పందం లేదు, రేపే ఖాళీ చెయ్యండి" అని యింటివారంటే బెదరనక్కరలేదు. కోర్టు ఉత్తరువు లేకుండా సామాను బయట పెట్టిస్తే, 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షను కింద 6 నెలల లోపల దావా వేసి స్వాధీనం తిరిగి పొందవచ్చును. అద్దె లేకుండా బంధువుల యింట ఉండేవారు మాత్రం అద్దెదారులు కారు.

అట్లని ధీమాగా కూర్చోనూరాదు. 2019 ఫిబ్రవరి 22 నుంచి తమిళనాట అమలులోనున్న అద్దె చట్టం పట్టణాలలో వ్రాతపూర్వకమైన ఒప్పందం కావాలంటున్నది. అది లేకపోవడమే ఖాళీ చేయించమని కోరడానికి ఒక కారణం కాగలదు. కనుక, సఖ్యంగా ఉన్నప్పుడే కాగితం వ్రాయించుకుని, అద్దె అధికారి వద్ద నమోదు చేయించండి. నెలనెలా రసీదు అడగండి. ఏమనుకుంటారోనన్న మొగమాటం యిక్కడ పనికిరాదు.