కొలిమిలో కాలక్షేపం

మావారికి బీపీ లేదు, షుగరు లేదు. ఉన్న జబ్బల్లా ఒక్కటే, హాబీలు. పుట్టగొడుగులయ్యాయి, తేనెటీగలయ్యాయి. మొన్నామధ్య ఫోన్లో ఎవరో దొరగారు పెరట్లో కత్తి తయారుచేస్తుంటే చూసి, “ఇంటిల్లిపాదీ కలిసి కమ్మరిపని నేర్చుకుందామోయ్!” అన్నారు. అబ్బాయి గంతేశాడు. అమ్మాయి అప్పుడే తోలు ఆప్రాన్ల ధరలు చూస్తోంది. అపార్టుమెంటు డాబా మీద దాగలి ఎక్కడ పెట్టాలా అని చర్చ కూడా మొదలైంది. నేనొక్కదాన్నే “వీల్లేదు” అన్నాను.

“నీకు కళాదృష్టి లేదు” అనేశారు. నవలలు రాసుకునేదాన్ని, నాకు లేదట! సరే, నా వాదన మీరే వినండి.

మా అమ్మగారి ఊళ్ళో రావిచెట్టు కింద కమ్మరి తాత కొలిమి ఉండేది. కొడవళ్ళకి కక్కు కొట్టించడానికి పాలేరు వెళ్తే వెనకాలే నేనూ పరిగెత్తేదాన్ని. తాత పట్కారుతో ఎర్రటి ఇనుము దాగలి మీద పెడితే, సమ్మెట దెబ్బ వేసేది ఎవరనుకున్నారు? మామ్మ! కొంగు బిగించి, ఊపిరి బిగబట్టి. తిత్తి ఊదేది మనవరాలు. ఇంటిల్లిపాదీ చేసే కమ్మరిపని మావారు కొత్తగా కనిపెట్టిందేమీ కాదండీ! కాకపోతే అప్పుడు దాన్నెవరూ హాబీ అనలేదు, కులవృత్తి అన్నారు. ఏడాది చాకిరీకి కళ్ళంలో కొలిచే మేర గింజలే కూలి. తాత గోనెసంచి పట్టుకు నిలబడితే, కుంచం కొలిచే మా తాతగారి చెయ్యి ఎంత బిగుసుకునేదో నేను కళ్ళారా చూశాను.

మోటుపని అంటారు గానీ, అందులో ఎంత చదువుందో చూడండి. తాతకి థర్మామీటరు లేదు. ఎరుపు, నారింజ, పసుపు... కాలిన ఇనుము రంగే ఆయన కొలత. కాల్చి నీళ్ళలో ముంచితే ఉక్కు గట్టిపడుతుంది, కానీ పెళుసవుతుంది. మళ్ళీ కాస్త వెచ్చబెడితే గడ్డిరంగు, ఆ తరవాత నీలం పొరలు పాకుతాయి. గడ్డిరంగు దగ్గర ఆపితే పదును నిలుస్తుంది, నీలం దాకా పోతే స్ప్రింగులా వంగుతుంది. నాలుగు ఆదివారాల్లో వచ్చే విద్యేనా ఇది? నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు కోసం ఒకప్పుడు పర్షియా వర్తకులు వచ్చేవారు. ఇంగ్లండులో ఫారడే అంతటివాడు మనదేశపు ఉక్కును పరీక్షించి 1819లో వ్యాసం రాశాడు. ఫారడే పేరు పిల్లల పాఠాల్లో ఉంది. ఆ ఉక్కు కరిగించిన వాళ్ళ పేర్లు ఏ పాఠంలో ఉన్నాయి?

ఇక మావాళ్ళ ప్రజ్ఞ చెబుతాను. కాల్చడానికని జింకు పూత ఉన్న పాత పైపుముక్క తెచ్చిపెట్టారు. ఆ పొగ పీలిస్తే జ్వరం పట్టుకుంటుందనీ, నిప్పురవ్వ పడితే నైలాన్ బట్ట కరిగి ఒంటికి అతుక్కుంటుందనీ వీళ్ళకి తెలిస్తేగా!

“అయితే కళ చచ్చిపోనిమ్మంటావా?” అన్నారు మావారు. అక్కడే నాకు ఒళ్ళు మండింది. కళ బతకాలనే మనం సంతలో ఏం చేస్తున్నాం? కమ్మరి కొట్టిన కత్తిపీటకి యాభై తగ్గించమని పేచీ పెడతాం. పైదేశం చాకుకి మాత్రం నోరెత్తకుండా వేలు పోస్తాం. తాత మనవడు చదువుకుని పట్నంలో ఉద్యోగం చూసుకున్నాడు. మంచిపని చేశాడు. మనకి ముచ్చటగా ఉందని ఇంకొకరి పిల్లలు పొగలో కూర్చోవాలా?

నేర్చుకోవద్దని కాదు నేననేది. కొలిమి ఇంకా రాజేస్తున్న కమ్మరి దగ్గరికి వెళ్ళండి. గురువుగారూ అని పిలవండి. అమ్మాయి సంగీతం మేష్టారికిచ్చే ఫీజు ఆయనకీ ఇవ్వండి. సమ్మెట అబ్బాయికే కాదు, అమ్మాయి చేతికీ ఇవ్వండి.

వెళ్ళారు. సాయంత్రానికి అరచేతుల నిండా బొబ్బలతో తిరిగొచ్చారు. మావారు బేరమాడకుండా కత్తిపీట కూడా కొనుక్కొచ్చారు. ధరెంతని అడిగాను. చెప్పారు. “అంతా!” అనబోయి, కళ్ళం దగ్గర మా తాతగారి చెయ్యి గుర్తొచ్చి, నోరు మూసుకుని వంకాయలు తరుక్కున్నాను.