పడుగును మరువని చేతులు

పెళ్లి, పిల్లలు, ఇంటి బాధ్యతల నడుమ మగ్గానికి దూరమైన సోదరీమణులు మనలో ఎందరో ఉన్నారు. పెద్ద మగ్గానికి ఇంట్లో చోటు లేక, ఆ విద్య ఇక తమది కాదని నిట్టూరుస్తారు. అటువంటివారికి పూసల మగ్గం చక్కని వ్యాపకం. ఒళ్లో ఇమిడే చట్రం, సన్నని సూది, గట్టి దారం, గాజుపూసలు చాలు. వరుసకు 10 పూసలు కావాలంటే పడుగుకు 11 పోగులు కట్టాలి. దారానికి ఎక్కించిన పూసలను పడుగు కిందుగా చేర్చి, ఒక్కొక్క పూసను రెండేసి పోగుల మధ్యకు వేలితో పైకి నొక్కాలి. పిదప సూదిని పోగుల మీదుగా, అవే పూసల గుండా వెనుకకు తీయాలి. ఆ రాకలో సూది ఏ పోగు కిందికైనా జారితే అక్కడి పూస నిలవదు. పడుగు, పేక తెలిసిన చేతికి ఇది పరాయి విద్య కాదు. పూసలు లెక్కించే పని పక్కనున్న బిడ్డకు అప్పగించండి. ఇంటి విద్య మరో తరానికి అందుతుంది.