మన ఊరి సాహిత్య వీధులు

లండన్ నగరంలో మహనీయులు నివసించిన ఇండ్ల గోడలకు ఫలకాలు అమర్చే ఆచారం 1866లో మొదలయింది. తొలి ఫలకం 1867లో కవి బైరన్ జన్మించిన ఇంటికి దక్కింది. డబ్లిన్ పౌరులు ఏటా జూన్ 16వ తేదీన జేమ్స్ జాయిస్ నవల 'యులిసీస్'ను చేతబట్టి, అందలి పాత్రలు తిరిగిన వీధులలో తిరిగి, అవి భుజించిన చోటనే భుజిస్తారు.

ఈ సంగతులు తరగతిలో చెప్పినపుడు విద్యార్థులు ఆసక్తితో విన్నారు. "మరి మన విశాఖలో?" అని మేము ప్రశ్నిస్తే మౌనమే సమాధానమయింది. శ్రీశ్రీని గురించి నాలుగు పుటలు వ్రాయగలిగినవారిలో కొందరు ఆయన ఈ ఊరిలోనే జన్మించాడని ఎరుగరు. దోషం వారిది కాదు. పాఠాన్ని పుస్తకంలో బంధించి ఉంచిన మాది.

పాత నగరం నుండి బయలుదేరి చూడండి. వేంకటేశ్వరుని కొండ, దర్గా కొండ, మేరీమాత కోవెల గల రాస్ కొండ చేరువ చేరువగా నిలిచి రేవులోనికి వచ్చే ఓడలను చూస్తుంటాయి. ఆ రేవు ప్రారంభమయింది 1933లో. 'మహాప్రస్థానం' గీతాలలో ముఖ్యమైనవి వెలువడినదీ ఆ దశాబ్దంలోనే. 1910లో ఇక్కడ పుట్టిన శ్రీశ్రీ 1935లో ఏ.వి.ఎన్. కళాశాలలో డిమాన్‌స్ట్రేటరుగా పనిచేశాడు. 1925లో జన్మించిన ఆరుద్రదీ ఈ ఊరే.

కోర్టుల వైపు సాగితే రాచకొండ విశ్వనాథశాస్త్రి జ్ఞప్తికి వస్తాడు. న్యాయవాదిగా తాను చూచిన పేదలను, పోలీసులను, సాక్షులను ఆయన 'ఆరు సారా కథలు'లో ఈ ప్రాంతపు నుడికారంతోనే పలికించాడు. ఐరోపా యాత్రికుడు రచయితల పానశాలలను వెదకుకొంటూ పోతాడు. మనకా అవసరం లేదు. సారా సంగతి పుస్తకంలో చదివి, వీధి మలుపులో ఒక గ్లాసు టీ త్రాగితే చాలు. ఆ టీ బల్ల వద్ద చెవి యొగ్గి వింటే, ఆయన పాత్రల మాట తీరు నేటికీ వినిపిస్తుంది.

సముద్రతీరాన మురీ మిక్చరు పొట్లం పట్టుకొని విశ్వవిద్యాలయం వైపు నడవవచ్చు. 1970 ఫిబ్రవరిలో శ్రీశ్రీ షష్టిపూర్తి ఉత్సవం ఈ నగరంలోనే జరిగింది. "రచయితలారా, మీరెటువైపు?" అని ఒక కరపత్రం ద్వారా నిలదీసిన వారు విశాఖ విద్యార్థులు. ఆ ఏడాది జూలైలోనే విప్లవ రచయితల సంఘం ఏర్పడింది. ఆ సంఘపు మార్గంతో ఏకీభవించడం, ఏకీభవించకపోవడం వేరు విషయం. విద్యార్థుల ప్రశ్నకు అంతటి బలముండేదని మన విద్యార్థులు తెలిసికోవాలి.

తీరాన విగ్రహాలు నిలిపి ఏటా మాలలు వేసినంత మాత్రాన ఋణం తీరదు. అందువల్ల కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం ఒక్కటే. ఏటా శీతకాలంలో ఒక ఆదివారం సాహిత్య పాదయాత్రకు కేటాయించండి. ఉర్దూ విద్యార్థి ఒకరు, తెలుగు విద్యార్థి ఒకరు జంటగా నడవాలి. ఆగిన ప్రతిచోట ఒక పుట చదవాలి. తిరిగివచ్చి రెండు లిపులలో ఒక పటం గీసి గోడపత్రికలో ఉంచాలి. ఖర్చు బస్సు చార్జీలు, టీ నీళ్ళు మాత్రమే.

తెలుగు సాహిత్యం తమది కాదని మన పిల్లలలో కొందరు తలుస్తారు. తాము నడిచే వీధి తమది కాదని మాత్రం ఎవరూ అనలేరు. అక్కడి నుండే మొదలుపెడదాం.