పాట ఎన్ని ఇండ్లలో వున్నది?

మిట్టేమరి నుంచి వచ్చి మూడు తరాలుగా బెంగుళూరులో కాపురముంటున్న ఒక కుటుంబంవారు ఈమధ్య మమ్మల్ని ఒక చిక్కు విప్పమన్నారు. ఊళ్ళో వున్న తమ పెద్దాయన చేత వారు తత్వాలు పాడించి రికార్డు చేసికొన్నారట. కైవారం తాతయ్యగారివి కొన్ని, ఎవరు కట్టారో తెలియనివి మరికొన్ని. అంతా కలిసి 9 జీబీ అయింది. పెట్టె మిట్టేమరిలో వున్నది. వినవలసినవారు ఒకరు బాగేపల్లిలో, ఒకరు చింతామణిలో, ఒకరు బెంగుళూరులో, మరొకరు అమెరికాలో. "వాట్సాపులో 2 జీబీకి మించిన ఫైలు పోదు. ఎవరి సైటులోనో దాచితే నెలనెలా అద్దె కట్టాలి. మా మనవడు టొరెంటు అంటున్నాడు. అది దొంగసినిమాల యంత్రం కదండీ, మన ఇండ్లలో పెట్టవచ్చునా?" అని వారి ప్రశ్న.

పెట్టవచ్చును. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కు పోవాలి.

మన చదువరుల్లో చాలామందికి బాగేపల్లి సీమ సంగతి మేము చెప్పనక్కరలేదు. ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడం. అందుచేత అక్కడి భజన పుస్తకాల్లో తెలుగు పాట కన్నడ అక్షరాల్లో కనబడుతుంది. ఒకరి నోటుపుస్తకం చూచి మరొకరు ఎత్తిరాసుకొంటారు. ఆ రెండోవారిది చూచి పక్క ఊరివారు రాసుకొంటారు. అచ్చాఫీసు లేదు, అమ్మే అంగడి లేదు. ఒక పుస్తకం చెదలు తిన్నా పాట పోదు, మరో ఇంట్లో వుంటుంది. అయితే ఒకరు ఒక చరణం తప్పు రాశారో, ఆ తప్పు కూడా ఊరూరా తిరిగివస్తుంది. నడిమి పెద్ద ఎవరూ లేకుండా సరిసమానులు ఒకరికొకరు ఇచ్చి పుచ్చుకొనే ఈ పద్ధతినే కంప్యూటరువారు పీర్ టు పీర్ అన్నారు. వారు కొత్తగా చేర్చినదల్లా, తప్పు తిరగకుండా ఒక కాపలా, తీసుకొని ఇవ్వకుండా పోయేవారిని పట్టుకొనే ఒక ఉపాయమూ.

మొదట పేరు పడ్డది నాప్‌స్టర్. 1999లో షాన్ ఫానింగ్ అనే పద్దెనిమిదేళ్ళ అమెరికా కుర్రవాడు తెచ్చాడు. పాటలు ఎవరి కంప్యూటర్లో వారివే వుండేవి గాని, ఏ పాట ఎవరి దగ్గర వున్నదనే జాబితా మాత్రం నాప్‌స్టర్ వారి దగ్గర వుండేది. రికార్డుల కంపెనీలు కోర్టుకెక్కాయి. 2001లో ఆ జాబితా ఆగింది. లక్షలాది ఇండ్లలో పాటలు వున్నవి వున్నట్లే వుండి కూడా ఎవరికీ దొరకకుండా పోయాయి. ఈలోగా 2000లో నటెల్లా అనేది నడిమి జాబితా లేకుండా వచ్చింది. 2001లోనే బ్రాం కోహెన్ అనే ఆయన బిట్‌టొరెంటు రాశాడు. మనవడు చెప్పినది దీన్నే.

ఇది ఫైలును ముందు ముక్కలుగా లెక్కగడుతుంది. ముక్క 1 ఎంబీ అనుకొంటే మన 9 జీబీకి సుమారు 9,000 ముక్కలు. ప్రతి ముక్కకూ లెక్క కట్టి ఒక వేలిముద్ర తీస్తుంది. ముక్కలో ఒక్క అక్షరమంత మార్పు వచ్చినా ముద్ర కుదరదు. ఫైళ్ళ పేర్లు, కొలతలు, ఈ వేలిముద్రలు, నలుగురూ కలుసుకొనే చోటి చిరునామా, ఇవన్నీ చేర్చిన చిన్న చీటీయే టొరెంటు ఫైలు. అందులో పాట వుండదు, శుభలేఖలో పెండ్లిభోజనం వుండనట్లే. కలుసుకొనే చోటును ట్రాకరు అంటారు. అది రచ్చబండ వంటిది. ఎవరి దగ్గర ఏమున్నదో విచారించుకోవచ్చును గాని సరుకు అక్కడ దొరకదు. 2002లో వెలువడిన కడెమ్లియా పద్ధతిని బట్టి తరువాత ఆ రచ్చబండ కూడా తప్పనిసరి కాకుండా పోయింది. జాబితానే ముక్కలు చేసి తలా కొంచెం దాచుకొంటున్నారు. నాప్‌స్టర్‌కు పట్టిన గతి దీనికి పట్టకపోవడానికి కారణమదే.

ఇక లెక్క చూద్దాము. మిట్టేమరి ఇంటి తీగ నుంచి బయటికి సెకనుకు 10 మెగాబిట్లు పోతాయనుకొందాము. 9 జీబీ పోవడానికి రెండు గంటలు పడుతుంది. నలుగురికీ విడివిడిగా పంపితే ఎనిమిది గంటలు. టొరెంటులో అట్లా కాదు. ఒక ముక్క బాగేపల్లికి, ఇంకొకటి చింతామణికి, మరొకటి బెంగుళూరుకు పోతుంది. ఆ క్షణం నుంచి బాగేపల్లివారు తమ ముక్కను చింతామణికి ఇస్తూ, వారిది తాము తీసుకొంటూ వుంటారు. మిట్టేమరి ఇల్లు మొత్తం మీద ఒక్క ప్రతి పంపితే చాలు, తక్కినది తక్కినవారు తమలో తాము సర్దుకొంటారు. అందరి తీగలూ ఆ మాత్రంవే అయితే రెండు గంటలకు పైన కొద్దిసేపట్లో నలుగురి ఇండ్లలోనూ పాటలన్నీ చేరుతాయి. అంగడిలో కొనేవారు పెరిగితే సరుకు తరుగుతుంది. ఇక్కడ అడిగేవారు పెరిగినకొద్దీ పంచేవారూ పెరుగుతారు. వచ్చిన ప్రతి ముక్కనూ చీటీలోని వేలిముద్రతో సరిచూసి, కుదరకపోతే పారవేసి మళ్ళీ అడుగుతుంది. నోటుపుస్తకంలో తిరిగిన తప్పు చరణానికి ఇక్కడ చోటు లేదు. మొదటే తప్పు పాడివుంటే మాత్రం ఆ తప్పును ఎంతో భద్రంగా కాపాడుతుందని చెప్పక తప్పదు.

తీసుకొని ఇవ్వనివారి మాట. కోలారు వైపు కన్నడంలో ముయ్యాళు అంటారు, ఈ రోజు మీ చేలో మేము, రేపు మా చేలో మీరు. కోహెన్ సరిగా ఈ ధర్మాన్నే పట్టుకొన్నాడు. ఆయన పద్ధతిలో ప్రతి 10 సెకన్లకూ ఒకసారి, మనకు ఎవరు బాగా ఇస్తున్నారో చూసి వారికే మనమూ ఇస్తాము. అట్లాగే వుంటే కొత్తగా వచ్చినవాడికి ఇవ్వడానికి ఏమీ లేక ఎప్పటికీ పుట్టదు గదా! అందుకని ప్రతి 30 సెకన్లకూ ఒకసారి ఎవరో ఒకరిని ఎంచి, ఏమీ అడగకుండా ఇచ్చి చూస్తుంది.

మాకు అన్నిటికన్న నచ్చినది మరొక నియమం. ఏ ముక్క తక్కువ ఇండ్లలో వున్నదో దాన్నే ముందు అడగాలి. పదిమందికీ వచ్చిన పాట తరువాతనైనా నేర్చుకోవచ్చును, ఊరంతటికీ ఒక్క ముసలాయనకే వచ్చిన పాటను ముందు పట్టుకోవాలి. ఈ బుద్ధి మన సంఘాలకు ముప్ఫై ఏళ్ళ కిందట వుండివుంటే ఎన్ని గొంతులు మిగిలేవో!

పూర్తి ప్రతి దగ్గర పెట్టుకొని ఇస్తూ వుండేవారిని సీడర్లు, అంటే విత్తనంవారు, అంటారు. చెనక్కాయ పండించేవారికి ఈ మాట విప్పి చెప్పనక్కరలేదు. వొలుచుకు తినే కాయ వేరు, విత్తనానికి అట్టిపెట్టే కాయ వేరు. తమ పని కాగానే పెట్టె కట్టేసేవారికి జలగలని పేరు. విత్తనంవారు అందరూ పోయారా, చీటీ ఎంత చక్కగా వున్నా ఫైలు రాదు. ఒక్కొక్కప్పుడు నూటికి 97 పాళ్ళు వచ్చి ఆ మూడు పాళ్ళ కోసం ఏళ్ళ తరబడి నిలిచిపోతుంది.

పుస్తకాల విషయంలో మనవారికి ఒక అనుభవం వున్నది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డిగారు పూనుకొన్న పది లక్షల పుస్తకాల యత్నంలో భాగంగా, బెంగుళూరు విజ్ఞాన సంస్థ మొదలైనవి చేరి డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా నడిపాయి. ఎక్కడా దొరకని తెలుగు పుస్తకాలు ఎన్నో దానిలో వుండేవి. కాపీహక్కుల పేచీలు వచ్చి ఆ సైటు తరువాత మూతపడింది. అంతకు ముందే కొందరు ఆ పుస్తకాలను ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో చేర్చివుండబట్టి ఈ రోజు మనకు దొరుకుతున్నాయి. ఆ ఆర్కైవ్‌వారు 2012 నుంచి తమ పుస్తకాలకు టొరెంటు చీటీలు కూడా ఇస్తున్నారు.

దొంగసినిమాల మాట దాటవేయబోము. 2013 సెప్టెంబరులో "అత్తారింటికి దారేది" విడుదల కాకముందే చాలా భాగం డిస్కుల మీద, ఇంటర్నెట్టులో బయటపడింది. నిర్మాతలు తొందరపడి 27వ తేదీన విడుదల చేయవలసివచ్చింది. బొమ్మను ముందు బయటికి తీసినది మనిషి చెయ్యి, ఊరంతా చల్లినది యంత్రం. పండుగనాడు మన ఇండ్లలోనూ కొత్త బొమ్మ టీవీలో ఆడుతూ వుంటుంది, ఎక్కడిదని ఏ పెద్దలూ అడగరు. టొరెంటులో మన కంప్యూటరు ఐపీ చిరునామా తక్కిన అందరికీ కనబడుతుందన్న సంగతి ఆ పెద్దలకు తెలిస్తే మంచిది.

మిట్టేమరి పాటల విషయంలోనూ హక్కు అనేది ఒకటి వున్నది. మన 1957 చట్టం ప్రకారం కవి పోయిన 60 ఏళ్ళకు రచన అందరిదీ అవుతుంది, కనుక తాతయ్యగారి తత్వాలకు అడ్డు లేదు. కాని పాడిన గొంతుకు 50 ఏళ్ళ హక్కు వేరే వున్నది. పెద్దాయన ఇంటివారి కోసం పాడారా, లోకం కోసం పాడారా? అది ఆయననే అడగాలి, ఆయన వుండగానే అడగాలి. టొరెంటు ఒకసారి బయటికి పోతే వెనక్కు పిలవలేము.

ఆయన "ఇంటివారికే" అంటే టొరెంటు వద్దు. సింక్‌థింగ్ అనే మరో ఉచితపు పరికరం వున్నది. అదీ సరిసమానుల పద్ధతే, కాని మనం గుర్తించి ఒప్పుకొన్న పెట్టెల మధ్యనే పాటలు తిరుగుతాయి, దారిలో ఇతరులు చదవలేరు. ఒక్కటే జాగ్రత్త: ఒక ఇంట్లో పిల్లవాడు పొరబాటున పాట తుడిచివేస్తే అన్ని ఇండ్లలోనూ తుడిచిపెట్టుకుపోతుంది. పాత ప్రతులు దాచే ఏర్పాటు అందులోనే వున్నది, మొదటిరోజే దాన్ని పెట్టించుకోండి. పైగా ఒక ప్రతి విడి డిస్కు మీదికి ఎత్తి బీరువాలో పెట్టండి.

ఇంకొక మాట. ఫైళ్ళకు సంఖ్యలు వేసి వదలక ప్రతి పాటకూ మొదటి మాటే పేరుగా పెట్టండి, తెలుగులో ఒకసారి, పక్కనే కన్నడ అక్షరాల్లో ఒకసారి. బాగేపల్లిలోని పిల్లలు వెదికేది ఆ రెండో పేరుతోనే.